చిన్న వాగులలో చేపల వేట

ఈ సాయంకాలము మీతో ముచ్చటింపదలచిన విషయము మిక్కిలి చిన్నది. గోదావరీ కృష్ణలవంటి మహానదులనుగూర్చి గాని, సముద్రముమీద పడవలపై బోయి చేయు వేటనుగూర్చి గాని నేను చెప్పబోవుట లేదు. మీ ఊరి ప్రక్కనే, పొలములకును తోపులకును నడుమ, వానకాలమున పొంగి పారి, వేసవిలో నాలుగైదు మడుగులుగా మిగిలిపోవు చిన్న వాగు నొకదానిని మనస్సునందు తలచుకొనుడు. ఆ వాగునందలి చేపలనుగూర్చియు, వానిని గాలముతో పట్టు తీరునుగూర్చియు నాలుగు మాటలు మనవి చేసెదను. విషయము చిన్నదే యైనను, ఇందు ఊరిపెద్దలు పూనుకొని చక్కబెట్టవలసిన సంగతి యొకటి యున్నది.

చెరువులలో మనము పెంచు బొచ్చె, శీలావతి, మోసు మొదలగు చేపలు చాలవరకు ఒకచోటినుండి పిల్లలుగా తెచ్చి వదలబడినవి. తగ్గినచో మరల తెచ్చి వదలవచ్చును. వాగుచేప అట్టిది గాదు. దాని నెవరును తెచ్చి వదలలేదు. ఎవరును దానికి మేత వేయలేదు. అది ఆ నీటనే పుట్టి, ఆ నీటనే పెరిగి, ఆ నీటనే పిల్లలను కని, మన తాతముత్తాతల కాలమునుండి అక్కడనే కాపురమున్నది. పరికలు, జెల్లలు, బొమ్మిడాయిలు, మట్టగిడసలు, మార్పులు, వాలుగలు, ఇవి యన్నియు వాగున నుండునవే. వీనిలో కొర్రమీనుది పెద్దపీట. కొన్ని తావుల దీనిని కొరమట్ట యనియు అందురు. నేడిది తెలంగాణమునకు రాష్ట్రపు చేప. దీని రుచి మీ రెరుగనిది గాదు. బాలింతలకును, జబ్బుపడి లేచినవారికిని దీని పులుసు పెట్టుట మన యిండ్లలో వాడుక.

నాకు చిన్నతనమున ఈ వేటను నేర్పినవాడు మా ఊరి వృద్ధుడైన బెస్త యొకడు. అక్షరము రానివాడు. కాని వాగును మనము పుస్తకము చదివినట్లు చదువగలవాడు. గట్టుమీద నిలిచి నీటివంక కొంతసేపు చూచి, "బాబూ, ఆ మద్దివేరు క్రింద ఒకటుంది, ఈ రాతి వెనక రెండున్నాయి" అని చెప్పెడివాడు. నాకది మంత్రమువలె తోచెడిది. ఏండ్లు గడచిన పిమ్మట, చేపల శాస్త్రము కొంత చదివిన తరువాత, అతడు చెప్పిన ప్రతి మాటకును కారణము కలదని తెలిసికొంటిని. ఆ కారణములే నేడు మీకు చెప్పుచున్నాను.

పారు నీటిలో చేప ఎల్లప్పుడును ప్రవాహమునకు ఎదురుమొగముగా నిలుచును. ఏలయన దాని ఆహారమును, దాని ఊపిరియు ప్రవాహముతోనే వచ్చును. నోట చొరబడిన నీరు మొప్పలగుండ బయటకు పోవునప్పుడు అందు కరగియున్న ప్రాణవాయువును చేప గ్రహించును. కాని వడిగా పారు నీటిలో రాత్రింబవళ్లు ఈదుచు నిలుచుట కష్టము. కావున చేప తెలివిగా, వడినీటికి ప్రక్కనే, రాతి చాటునో, వేరు చాటునో, గట్టు క్రింద నీరు తొలిచిన గుంటలోనో నిలుచును. కొట్టుకొనివచ్చు పురుగు, చెట్టుమీదనుండి రాలిన చీమ, మిడుత కనబడగానే ఒక్క దుముకు దుమికి నోట కరచుకొని తిరిగి తన తావునకు వచ్చును. మంచి తావు దొరకిన చేప దానిని సులభముగా విడువదు. దానిని పట్టినయెడల కొలదిదినములలో మరియొక చేప ఆ తావును చేరును. తాతకు చేప కనబడలేదు. చేప నిలువదగిన తావు కనబడినది. అదియే అతని మంత్రము.

చేప ఎగువకు తిరిగి నిలుచును గనుక, వేటకాడు దిగువనుండి ఎగువకు నడువవలయును. ఎగువనుండి దిగినచో దాని కంటి కెదురుగా బోయినట్లే. అంతియేగాక, మన కాళ్లు కలచిన బురద మనకంటె ముందుగా బోయి మన రాకను చాటును. మరియొక సంగతి. నీటిలో పెట్టిన కర్ర వంగినట్లు కనబడుట మీ రెరిగినదే. వెలుతురు గాలినుండి నీటిలోనికి దిగునప్పుడు వంగుటయే దానికి కారణము. ఆ వంపువలననే, గట్టుమీద నిలువుగా నిలిచిన మనిషి, తాను దూరముగా నున్నానని తలచినను, చేపకు తన నెత్తిపై నున్నట్లే కనబడుచుండును. కూర్చున్నవాడును, వంగి నడచువాడును నీటిమట్టమునకు ఎంత దగ్గరగా నుండిన చేపచూపునకు అంత తక్కువగా అందుదురు. కావుననే తాత గట్టును సమీపించునప్పుడు గొంతుకూర్చుండి కదలెడివాడు. ఎండ వీపున పడుచుండగా ఎన్నడును గట్టెక్కెడివాడు గాడు, నీడ నీటిలో పడునని.

అతడు మాటలాడుటకు భయపడెడివాడు గాడు గాని, అడుగు గట్టిగా వేసినచో కసరెడివాడు. ఇదియు సరియైనదే. చేప దేహమునకు ఇరుప్రక్కల తలనుండి తోకవరకు సన్నని గీత యొకటి యుండును. అది ఉత్త గీత గాదు. నీటియందలి కదలికను, అదురును తెలిసికొను ఇంద్రియము. గాలిలో మనమాడు మాట నీటిలోనికి చాల తక్కువగా దిగును. గట్టుమీద వేసిన బరువైన అడుగు నేలగుండ నీటికి అందును. అది చేపకు వెంటనే తెలియును.

ఇక కొర్రమీను సంగతి. ఇది వడినీటిని కోరదు. వాగు మలుపు తిరిగినచోట నిలిచిన నీటిలో, తుంగలోను నాచులోను, పొంచియుండును. కప్పను, చిన్నచేపను, పురుగును పట్టి తినును. దీనికి మొప్పలుగాక, తలలోపల గాలిని పీల్చుకొను గది యొకటి కలదు. నీటిలోని ప్రాణవాయువు దీనికి చాలదు; కొంతసేపటి కొకసారి నీటిపైకి వచ్చి గాలి మ్రింగి పోవలయును. కావుననే కడవలో కొద్దిపాటి నీటితో సంతకు తెచ్చినను బ్రతికియుండును. వేసవిలో వాగెండినప్పుడు తడిబురదలో దాగియుండగలదు. ఒక గుంట నీరింకినచో తడి గడ్డిమీద ప్రాకి మరియొక గుంటను చేరగలదు. అట్లే, వలలో చిక్కి నీటి అడుగుననే యుండిపోయినచో ఊపిరాడక చచ్చును. నీటిలో పుట్టిన చేప నీటిలో మునిగి చచ్చుట వింతయే గదా! గాలము వేయువానికి ఇది ఉపకరించు గుణము. మడుగు గట్టున కదలక కూర్చున్నయెడల, కొంతసేపటికి నీటిపై మెల్లగా చిన్న సుడి లేచి, ఒకటి రెండు బుడగలు పగులును. కొర్రమీను అక్కడ నున్నదని అదే తెలుపును.

గాలమునకు కావలసిన సరంజాము స్వల్పము. సన్నని వెదురుకర్ర, దారము, బెండు, చిన్న సీసపుగుండు, గాలము. పరికలకు చిన్న గాలమునకు ఎర్రను గ్రుచ్చి, ప్రవాహములో విడిచి, బెండును నీటి వడితోనే పోనీయవలయును. దారమును బిగించి బెండును నిలిపినచో, నీటిలో కొట్టుకొనివచ్చు ఆహారమువలె గాక అది వేరుగా కనబడును; చేప అనుమానించును. కొర్రమీనునకు పెద్ద గాలము, గట్టి దారము కావలయును. చిన్నచేపనుగాని కప్పపిల్లనుగాని ఎరవేసి, తుంగ ప్రక్కన నీటిపై మెల్లమెల్లగా తాటించుచు పోవుట మనవారి పద్ధతి. అది ఎరను పట్టినంతనే లాగరాదు. మొదట అంచును పట్టి, వెనుక లోనికి తీసికొనును. తాత ఆ సమయమున పెదవులలో ఏదో లెక్క పెట్టెడివాడు. లెక్క ముగిసిన వెనుకనే కర్ర ఎత్తెడివాడు. తెల్లవారుజామును, ప్రొద్దుగ్రుంకు వేళయు వేటకు మేలైనవి. వాన కురిసి నీరు కొంచెము కలకబారిన దినము మరియు మేలు.

ఈ వేటలో ఒకడు ఒక పూటకు తెచ్చునది కూరకు సరిపోవును, ఎక్కువ రాదు. గాలము వాగును ఖాళీ చేయలేదు. ఏ చేపను పట్టవలయునో, దేనిని విడువవలయునో నిర్ణయించుకొను అవకాశము వేటకానికి మిగులును. చిన్నదానిని తడిచేతితో పట్టి, గాలము తీసి, నీట విడిచినచో బ్రతుకును. తడిచేయి ఎందుకనగా, చేప ఒంటిమీది జిగురు దానికి రక్ష. పొడిచేయి ఆ జిగురును తుడిచివేయును, అక్కడ తెగులు పట్టును. మందు కలిపినవానికి ఈ నిర్ణయము లేదు. పెద్దది, చిన్నది, గ్రుడ్లతో నున్నది, అన్నియు ఒక్కసారియే తేలును.

ఇక్కడ వాగుచేప సంవత్సరము గడపు తీరు కొంచెము చెప్పవలసియున్నది. దానికి సంవత్సరమున మూడు గండములు కలవు. ఆ మూడింటియందును మనిషియే దానికి మృత్యువగుచున్నాడు.

మొదటి గండము తొలకరి. మృగశిర, ఆర్ద్ర కార్తెలలో మొదటి వరద రాగానే వాగులోను చెరువులోను ఉన్న చేపలకు క్రొత్తనీటి వాసన తగులును. అవి గుంపులు గుంపులుగా ఎదురెక్కి, క్రొత్తగా మునిగిన పల్లపు నేలలకును, పిల్లకాలువలకును పోయి గ్రుడ్లు పెట్టును. అక్కడ నీరు పలుచగా, వెచ్చగా నుండి, పిల్లలకు కావలసిన సూక్ష్మమైన ఆహారము త్వరలో పుట్టును. ఒక కిలో బరువుగల శీలావతి సుమారు రెండు లక్షల గ్రుడ్లు పెట్టును. వాగునందలి చిన్నచేపలును తమ తమ పరిమాణమునుబట్టి వేలకొలది పెట్టును. అలుగు కడను, కొందరు కలుజు అనియు, సీమలో మరవ అనియు పిలుచు ఆ తావు కడను, ఎదురెక్కు చేపలు క్రిక్కిరిసి, ఎగిరెగిరి పడుచుండును. అప్పుడు ఊరివారందరు ఊతలతోను, వలలతోను, కర్రలతోను వచ్చి చేతికందినదానినెల్ల పట్టుదురు. వాగున కడ్డముగా తడిక కట్టి ఒక్కదానిని పోనీయనివారును కలరు. మృగశిర ప్రవేశించిన దినమున చేపలు తినుట మనలో ఆచారము. ఆ ఆచారమును నేను తప్పుపట్టుట లేదు. కాని ఆ దినము తినవలసినది వాగునుండి ఎదురెక్కు గ్రుడ్లచేపయే యని ఎక్కడను లేదు. ఆ చేప కడుపులో మరుసటి యేటి పంట యున్నది.

రెండవ గండము పిల్లలకాలము. కొర్రమీనును క్రూరమైన చేప యందురు. అది పిల్లలను పెంచు తీరు చూచినవాడు ఆ మాట అనడు. వానకాలమున గట్టు ప్రక్కన పలుచని నీటిలో నాచును తొలగించుకొని గుండ్రని తావు చేసికొని, ఆలుమగలు అక్కడ గ్రుడ్లు పెట్టుకొనును. పసుపురంగు గ్రుడ్లు నీటిపై తేలుచుండును; ఒకటి రెండు దినములలో పిల్లలగును. కొంచెము పెరిగిన పిల్లలు ఎర్రగా, కుంకుమ చల్లినట్లు, ఒక్క గుంపుగా నీటిపై తిరుగుచుండును. తల్లియో తండ్రియో ఆ గుంపు క్రిందనే కాపలా తిరుగుచు, దగ్గరకు వచ్చిన కప్పను, పామును, చేపను తరుముచుండును. ఈ కాపుదల కొన్ని వారములు సాగును. ఇది తెలిసిన మనిషి యేమి చేయును? ఆ ఎర్రని గుంపు నడుమ గాలమును వేయును. అప్పుడు పెద్దచేప ఆకలిచేత గాదు, పిల్లలను కాపాడుకొను తెగువచేత గాలమును కరచి చిక్కును. దిక్కులేని ఆ వేల పిల్లలను ఇతర చేపలును కొంగలును త్వరలోనే తుదముట్టించును. ఒక్క చేప కూరకు ఒక తరము పోయినది! మా తాత ఎర్రగుంపు కనబడిన మడుగున, ఆ గుంపు చెదరి పిల్లలు నల్లబడువరకు గాలము వేయనేలేదు.

మూడవ గండము వేసవి. మే మాసము వచ్చునప్పటికి వాగు పారుట మాని, లోతైన చోట్ల మడుగులుగా మిగులును. కోసుల పొడవునకు వ్యాపించియున్న చేపలన్నియు ఆ నాలుగు మడుగులలో తలదాచుకొనును. వెచ్చని నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరగును. ఇరువది డిగ్రీల వేడిమిగల నీటిలో లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాములు పట్టగా, ముప్పదియైదు డిగ్రీలలో సుమారు 7 మాత్రమే పట్టును. రాత్రియంతయు నాచుగూడ ఆ వాయువునే పీల్చుకొనును గనుక తెల్లవారుజామున అది మరియు తగ్గును. ఆ వేళ మడుగు కడకు బోయి చూడుడు. పరికలు నోళ్లు పైకెత్తి నీటిమీద తేలుచుండును. మిగిలినది ఆ ప్రాణములే. తొలకరినాడు వాగునెల్ల మరల నింపవలసినది అవియే. అట్టి మడుగును చేదలతోడను, నేడైన యంత్రములతోడను ఎత్తిపోసి, అడుగంట చేపలనెల్ల ఏరుకొనుట మన యూళ్లలో వేసవి వేడుక.

ఈ వేడుకలో నేనును పాల్గొంటినని సిగ్గుతో ఒప్పుకొనవలసియున్నది. నాకు పదునాలుగేండ్ల ప్రాయమప్పుడు ఒక గొప్ప ఎండకాలము వచ్చినది. మా వాగున ఒక్క మడుగు తప్ప అన్నియు ఎండినవి. ఆ మడుగును తాత ఎన్నడును ముట్టెడివాడు గాడు. అక్కడ గంగమ్మ యున్నదని చెప్పెడివాడు. ఊరి పడుచువాండ్రము ఇరువదిమందిమి కలిసి రెండు దినములు దానిని ఎత్తిపోసితిమి. గంపలకొలది చేపలు దొరకినవి. తినగలిగినంత తింటిమి, పంచగలిగినంత పంచితిమి, మిగిలినవి ఎండకు కుళ్లినవి. సాయంకాలమున తాత గట్టుమీదికి వచ్చి, బురదవంక చూచి, నాతో ఒక్క మాట అనెను: "పంట తినలేదు బాబూ, విత్తనాలు తిన్నారు." నాకప్పుడది అర్థము కాలేదు. మరుసటి వానకాలమున వాగు నిండుగా పారినది, చేప లేదు. ఆ మరుసటి యేడును అంతే. తాత కుటుంబము ఆ రెండేండ్లును కూలికి పోయినది. అయిదారేండ్ల తరువాత, పెద్దవానలకు ఎగువ చెరువు అలుగు పారినప్పుడు గాని మా వాగున మరల గాలము కదలలేదు. అప్పటికి తాత లేడు.

విత్తనపు వడ్లను వండుకొని తిను రైతును మీ రెవ్వరును మెచ్చరు. ఎంత కరవు వచ్చినను గాదెలో ఒక మూల విత్తనపు గింజ నిలుపుట మీకు తెలిసిన ధర్మము. వేసవి మడుగు వాగునకు విత్తనపు గాదె. నేను చెప్పవలసిన ముఖ్యమైన మాట ఇదియే.

విషము సంగతిగూడ ఒక్క మాట. పూర్వము మంగకాయలను దంచియు, జెముడుపాలు పిండియు నీటిలో కలిపెడివారు. అవి చేప మొప్పలను చెరచి ఊపిరాడకుండ చేయును. నేడు పైరుమీద చల్లు పురుగుమందునే మడుగులో పోయువారు బయలుదేరినారు. మంగకాయ కంటె ఇది వేయిరెట్లు చెడ్డది. ఆ నీరు త్రాగిన పశువులకును, ఆ చేప తిన్న మనుష్యులకును ముప్పు. తోటాలు పేల్చుటయు, విద్యుత్తు తీగలు నీట దింపుటయు ఇట్టివే. వీనిచే చేపలేగాక చేపలు పట్టబోయినవారును చచ్చుచున్నారు. ఇది క్రొత్త చింత గాదు. డాక్టరు ఫ్రాన్సిస్ డే యనునతడు ఈ దేశపు మంచినీటి చేపలనుగూర్చి 1873లో ప్రకటించిన నివేదికలోనే, సన్నకన్నుల వలలచేతను, కాలువలకడ్డముగా పెట్టు ఉచ్చులచేతను చేపపిల్లలును గ్రుడ్లచేపలును నాశనమగుచున్నవని మొరపెట్టెను. 1897లో చేపలచట్టము పుట్టినది. నీట మందుగుండు పేల్చి గాని విషము కలిపి గాని చేపలను చంపువారికి అందు రెండు నెలలవరకు ఖైదుగాని, రెండువందల రూపాయలవరకు జుల్మానాగాని విధింపబడినది. చట్టము పుట్టి నూరేండ్లు దాటినది. కాని అర్ధరాత్రి మడుగుకడకు చట్టము నడచి రాదు. ఊరి కట్టుబాటే రావలయును.

ఇతర దేశములవారు చిన్న వాగుచేపకు ఇచ్చు విలువను చూచినచో మనకు ఆశ్చర్యము కలుగును. ఐరోపాఖండపు చల్లని కొండవాగులలో ట్రౌట్ అను చుక్కలచేప యొకటి యున్నది. దానిని సన్నని గాలముతో పట్టుట అక్కడ గొప్ప విద్యగా ఎంచబడును. ఆ చేపమీది మక్కువచే ఆంగ్లేయులు దాని గ్రుడ్లను సముద్రములు దాటించి, చల్లదనము చెడకుండ కాపాడుచు ఈ దేశమునకు తేజూచిరి. పైన చెప్పిన డే దొరయే 1860 తరువాతి యేండ్లలో నీలగిరులకు తెచ్చుటకు యత్నించి విఫలుడయ్యెను. 1900 ప్రాంతమున కాశ్మీరమునకు తెచ్చినవి బ్రతికినవి. తరువాత కులూ లోయలోను, నీలగిరులలోను ఈ జాతిచేపలు నిలిచినవి. మన వాగులలో అవి బ్రతుకవు. వానికి ఇరువది డిగ్రీలకు మించని చల్లని నీరు కావలయును. లేనిచోట చేపను నిలుపుటకై వారంత శ్రమపడిరి. ఉన్నచోట చేపను పోగొట్టుకొనకుండుటకు మనము పడవలసిన శ్రమ దానిలో నూరవ వంతు లేదు.

పోయినచో క్రొత్త చేపను తెచ్చుకొందమని కొందరందురు. 1952లో తిలాపియా యను చేప నిట్లే ఈ దేశమునకు తెచ్చిరి. అది అంతటను పెరిగి, అనేక జలాశయములలో మన చేపల మేతకును తావునకును పోటీ వచ్చినది. పరాయి చేప వచ్చిన తరువాత పొమ్మనిన పోదు.

మరి ఊరి కట్టుబాటు చేపను కాపాడగలదా యందురేని, శృంగేరిలో తుంగానది మెట్లకడకు బోయినవారు చూచియేయుందురు. పెద్దపెద్ద చేపలు గుంపులుగా వచ్చి యాత్రికుల చేతులలోని మరమరాలను తినిపోవును. అక్కడ వానిని ఎవరును పట్టరు. కాపుదల యున్నచో చేప ఎట్లు పెరుగునో చూపుటకు అంతకంటె నిదర్శనము అక్కరలేదు. మా తాత గంగమ్మ పేరు చెప్పి చేసినదియు ఇదియే.

కావున పెద్దలారా, నేను కోరునది నాలుగు కట్టుబాట్లు. మొదటిది, ఊరి పొలిమేరలో లోతైన మడుగు నొకదానిని విత్తనపు మడుగుగా నిర్ణయించి, వేసవిలో దానిని ఎవరును ఎత్తిపోయకుండను, అందు వల దింపకుండను చూచుట. రెండవది, తొలకరి వరద వచ్చిన మొదటి పదునైదు దినములు అలుగు కడను, వాగున కడ్డముగాను చేపలను పట్టకుండుట. మూడవది, ఎర్రపిల్లల గుంపు కనబడినచోట పెద్దచేపను ముట్టకుండుటయు, జానెడున్నరకు తక్కువైన కొర్రమీనును తిరిగి నీట విడుచుటయు. నాలుగవది, మందు కలిపినవాడు ఎంతటివాడైనను గ్రామసభలో నిలబెట్టుట.

ఇందు ఒక జాగ్రత్త కావలయును. చేపలవలన బ్రదుకువారు మన ఊళ్లలో బీదలు. ఈ కట్టుబాట్లు వారిమీద దొరతనము చేయుటకు సాధనములు కారాదు. వారిని పిలిచి, ముందు కూర్చుండబెట్టి, ఏ మడుగు నిలుపవలయునో వారినే అడుగుడు. వాగును వారెరిగినట్లు మన మెరుగము. వాగు పాడైనప్పుడు మొదట పస్తుండువారును వారే. మడుగును ఎత్తిపోసినది తాత గాడు, మేము. ఆ పదునైదు దినములు వారికి ఇబ్బంది కలిగినచో ఊరు కొంత ఆదుకొనుట న్యాయము.

మా ఊరిలో అప్పటి పెద్దలు బుద్ధి తెచ్చుకొని, టముకు వేయించి, ఆ మడుగును కొన్నియేండ్లు కాపాడిరి. ఆ పెద్దలు గతించిన పిమ్మట చెప్పువారు లేక ఆ కట్టుబాటు సడలినది. చట్టము కాగితముమీద నిలుచును; కట్టుబాటు పెద్దల నోట నిలుచును. పెద్దలు చెప్పుట మానిననాడే అది పోవును. అందుచేతనే ఈ మాటలు పడుచువారితో గాక ముందుగా మీతో చెప్పుచున్నాను.

వచ్చు వేసవిలో ఒక సాయంకాలము మీ మనుమని వెంటబెట్టుకొని వాగుకడకు నడువుడు. మిగిలిన మడుగు గట్టున, నీడ నీట పడకుండ, కదలక కూర్చుండుడు. కొంతసేపటికి నీటిపై మెల్లగా ఒక సుడి లేచి, రెండు బుడగలు పగిలినయెడల, అది యేమో వానికి చెప్పుడు. బుడగ లేవనిచో, అది ఎందుకు లేవలేదో అదియు చెప్పుడు.